జలుబుకి అజిత్రోమైసిన్ ఎందుకు మింగుతున్నాం? ఒక మాత్ర వెనక డెబ్బై ఏళ్ల చరిత్ర

 

ఈరోజు మనం ఒక మాత్ర చరిత్ర చెప్పుకుందాం. మీలో చాలామందికి దాని పేరు తెలుసు. పేరు గుర్తులేకపోయినా ఎప్పుడో ఒకసారి మింగే ఉంటారు. గొంతు నొప్పి, దగ్గు, కాస్త ఒళ్లు వెచ్చబడింది. మెడికల్ షాపుకి వెళ్లి "అన్నా, జలుబు, జ్వరం, ఏదైనా ఇవ్వు" అంటాం. ఆయన ఒక పారాసెటమాల్, ఒక జలుబు మాత్ర తీస్తాడు. దాంతోపాటు పెద్ద సైజు మాత్రలున్న ఒక చిన్న స్ట్రిప్ కూడా ఇస్తాడు. "రోజుకొకటి, మూడు రోజులు" అంటాడు. అదే అజిత్రోమైసిన్ 500.

2019లో మన దేశంలో అన్నిటికంటే ఎక్కువ వాడిన యాంటీబయాటిక్ ఏదని పరిశోధకులు లెక్క తీస్తే, మొదటి స్థానంలో వచ్చింది ఈ 500 మిల్లీగ్రాముల మాత్రే. అంటే కోవిడ్ రాకముందే ఇది నంబర్ వన్. తర్వాత కోవిడ్ వచ్చింది. ఇక చెప్పక్కర్లేదు. వాట్సాప్‌లో తిరిగిన ప్రతి మందుల చీటీలో ఇది ఉంది.

కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. జలుబు, ఫ్లూ, కోవిడ్, ఇవన్నీ వైరస్‌ల వల్ల వస్తాయి. అజిత్రోమైసిన్ బ్యాక్టీరియాని అడ్డుకునే మందు. మరి బ్యాక్టీరియా మందుని వైరస్ జబ్బుకి వాడాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? డాక్టర్లకి, సైంటిస్టులకి ఈ చిన్న విషయం తెలియదా? తెలుసు. అయినా వాడారు. దానికి కారణాలు ఉన్నాయి, వాటిలో కొన్ని మంచి కారణాలే. ఆ కథే ఈరోజు ఎపిసోడ్.

ముందు బేసిక్స్

రెండు నిమిషాలు సైన్స్ మాట్లాడుకుని చరిత్రలోకి వెళ్లిపోదాం.

బ్యాక్టీరియా అంటే సొంత ఇల్లు, సొంత వంటగది ఉన్న జీవి. తనకి కావలసిన ప్రోటీన్లు తానే తయారు చేసుకుంటుంది. ఆ తయారీ జరిగే యంత్రం పేరు రైబోజోమ్. అజిత్రోమైసిన్ చేసే పని ఏంటంటే, వెళ్లి బ్యాక్టీరియా రైబోజోమ్‌కి అతుక్కుంటుంది. పొయ్యి ఆగిపోతుంది. వంట లేదు, పెరుగుదల లేదు. మన కణాల్లో ఉండే రైబోజోమ్ ఆకారం వేరు కాబట్టి మనకి ఇబ్బంది లేదు.

వైరస్‌కి అసలు ఇల్లే లేదు, పొయ్యి లేదు. దాని దగ్గర ఉన్నది ఒక వంట చీటీ మాత్రమే. మన కణంలోకి దూరి, మన పొయ్యి మీద, మన సరుకులతో తన వంట చేయించుకుంటుంది. ఇప్పుడు చెప్పండి, పొయ్యి లేని వాడి పొయ్యి ఎలా ఆర్పుతారు? అందుకే యాంటీబయాటిక్ వైరస్ మీద పని చేయదు అంటారు.

ఇంత క్లియర్‌గా ఉంటే మరి గందరగోళం ఎక్కడ మొదలైంది? దానికి 1940లకి వెళ్లాలి. ఆ కథలో మన భీమవరం మనిషి ఒకాయన కూడా ఉన్నారు.

యాంటీబయాటిక్‌తో తగ్గిన "వైరస్"

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు వినే ఉంటారు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్లి, లెడర్లీ అనే మందుల కంపెనీలో రీసెర్చ్ డైరెక్టర్ అయ్యారు. ఆయన డైరెక్టర్‌గా ఉన్న ఆ ల్యాబ్‌లోనే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త పనిచేసేవారు. డెబ్బై దాటిన మనిషి. మిస్సోరీ యూనివర్సిటీ పొలం నుంచి తెప్పించిన మట్టిలో ఆయనకి బంగారు రంగులో ఉండే ఒక పదార్థం దొరికింది. దానికి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. 1948లో లోకానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు అదే. సుబ్బారావు గారు అదే ఏడాది ఆగస్టులో చనిపోయారు.

ఆ రోజుల్లో డాక్టర్లని ఒక నిమోనియా బాగా విసిగించేది. మామూలు నిమోనియాలా ఉండదు. మనిషి లేచి తిరుగుతూనే ఉంటాడు, కానీ దగ్గు వారాల తరబడి పోదు. పెన్సిలిన్ ఇస్తే ఉలుకూ పలుకూ లేదు. 1944లో మన్రో ఈటన్ అనే పరిశోధకుడు ఆ రోగుల నుంచి ఒక సూక్ష్మజీవిని బయటికి తీశాడు. అది ఎంత చిన్నదంటే, బ్యాక్టీరియాని ఆపేసే ఫిల్టర్లలోంచి కూడా దూరిపోయేది. అప్పటి లెక్క ప్రకారం ఫిల్టర్ దాటితే వైరస్. అంతే, దానికి వైరస్ అని ముద్ర పడిపోయింది. జబ్బుని "వైరస్ నిమోనియా" అనడం మామూలైపోయింది.

ఇప్పుడు ట్విస్ట్ చూడండి. ఆ "వైరస్ నిమోనియా" రోగులకి ఆరియోమైసిన్ ఇస్తే తగ్గింది! పెన్సిలిన్ చేయలేని పని ఇది చేసింది. సహజంగానే డాక్టర్లు ఏమనుకున్నారు? కొన్ని యాంటీబయాటిక్స్ కొన్ని వైరస్‌ల మీద కూడా పని చేస్తాయన్నమాట అనుకున్నారు.

అసలు నిజం బయటపడటానికి పదేళ్లకి పైనే పట్టింది. 1962లో రాబర్ట్ చానక్, లియోనార్డ్ హేఫ్లిక్ బృందం ఆ జీవిని ల్యాబ్‌లో, ఏ కణాల సాయమూ లేకుండా, ప్లేటు మీద పెంచి చూపించారు. వైరస్ అలా పెరగలేదు. అంటే అది వైరస్ కాదు. చుట్టూ గోడ లేని ఒక బుల్లి బ్యాక్టీరియా. ఇప్పుడు దాన్ని మైకోప్లాస్మా నిమోనియే అంటారు. పెన్సిలిన్ దెబ్బ కొట్టేది బ్యాక్టీరియా గోడ మీద. గోడే లేని దాని మీద పెన్సిలిన్ ఏం చేస్తుంది? ఆరియోమైసిన్ మాత్రం రైబోజోమ్ మీద కొడుతుంది, అందుకే పని చేసింది.

అంటే మందు నిజంగానే పని చేసింది. తప్పు ఎక్కడంటే జబ్బు పేరులో. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. "తగ్గింది" అన్నది నిజమే అయినా, "ఎందుకు తగ్గింది" అన్నది వేరే ప్రశ్న.

ఫిలిప్పీన్స్ మట్టి నుంచి జాగ్రెబ్ దాకా

ఇప్పుడు మన హీరో ఎంట్రీ. హీరో కంటే ముందు వాళ్ల పెద్దాయన గురించి చెప్పాలి.

1949లో ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో ప్రాంతం నుంచి అబెలార్డో అగిలార్ అనే డాక్టర్ మట్టి శాంపిల్స్ అమెరికాలోని ఎలై లిలీ కంపెనీకి పంపాడు. ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చిందే ఎరిత్రోమైసిన్. 1952లో మార్కెట్లోకి వచ్చింది. ఊరి పేరు మీదే ఇలోటైసిన్ అని బ్రాండ్ పెట్టారు. పాపం అగిలార్ తనకి రావలసిన వాటా కోసం ఏళ్ల తరబడి అడిగినా ఏమీ రాలేదు.

ఎరిత్రోమైసిన్ మంచి మందే. కానీ కడుపులోని యాసిడ్‌కి తట్టుకోదు, రోజుకి చాలాసార్లు వేసుకోవాలి, కడుపులో తిప్పుతుంది. దీన్ని సరిచేసింది ఎవరు అనుకుంటున్నారు? అమెరికా కాదు, జర్మనీ కాదు. అప్పటి యుగోస్లావియాలో, ఇప్పటి క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో ప్లీవా అనే కంపెనీ. స్లోబోదాన్ జోకిచ్, గాబ్రియేలా కోబ్రెహెల్ ఉన్న బృందం 1980లో ఎరిత్రోమైసిన్ రింగులోకి ఒక నైట్రోజన్ అణువుని దూర్చింది. ఒక్క అణువు! దాంతో మందు స్వభావమే మారిపోయింది. యాసిడ్‌ని తట్టుకుంటుంది. రక్తంలో కంటే కణాల్లోకి, కండల్లోకి, ఊపిరితిత్తుల్లోకి ఎక్కువగా వెళ్లి రోజుల తరబడి అక్కడే ఉంటుంది. అందుకే రోజుకొకటి, మూడు రోజులు సరిపోతుంది. అదే అజిత్రోమైసిన్.

1981లో పేటెంట్ వేశారు. ఆ పేటెంట్ ఫైజర్ శాస్త్రవేత్తల కళ్లలో పడింది. 1986లో రెండు కంపెనీల మధ్య ఒప్పందం కుదిరింది. 1988లో యుగోస్లావియాలో సుమామెడ్ పేరుతో, 1991లో అమెరికాలో జిత్రోమాక్స్ పేరుతో వచ్చింది. పేటెంట్లు అయిపోయాక చవకగా తయారై, మన షాపుల్లోకి వరదలా వచ్చేసింది.

మూడే మాత్రలు, రోజుకి ఒకటే, ధర తక్కువ. ఇంత సుఖంగా ఉంటే ఎవరైనా చేయి చాపుతారు కదా. ఈ మాత్రకి ఉన్న మంచి గుణమే తర్వాత దాని అసలు సమస్య అయింది.

ఈ మందుకి రెండో టాలెంట్ ఉంది

అయితే ఇక్కడ ఇంకో ముఖ్యమైన మలుపు ఉంది. "యాంటీబయాటిక్ వైరస్ మీద పని చేయదు, కథ అయిపోయింది" అని ఎందుకు అనలేమో ఇక్కడ తెలుస్తుంది.

జపాన్‌లో డిఫ్యూజ్ పాన్‌బ్రాంకియోలైటిస్ అని ఒక ఊపిరితిత్తుల జబ్బు ఉంది. సన్నని గాలి గొట్టాలు ఏళ్ల తరబడి వాచిపోయి ఉంటాయి. 1970ల్లో ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామంది కొన్నేళ్లలోనే చనిపోయేవారు. 1980ల్లో షోజీ కుడో అనే డాక్టర్ తక్కువ డోసు ఎరిత్రోమైసిన్‌ని నెలల తరబడి, ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. బ్యాక్టీరియాని ఆపడానికి చాలనంత తక్కువ డోసు అది. అయినా రోగులు కోలుకున్నారు. ఆ వైద్యం దేశమంతా పాకాక, ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు నూటికి 90 దాటారు.

ఎలా? ఈ కుటుంబం మందులు బ్యాక్టీరియాని ఆపడంతో పాటు మన ఒంట్లో వాపుని, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ని కూడా తగ్గిస్తాయని అర్థమైంది. తర్వాత ల్యాబ్‌లో పెంచిన కణాల మీద పరీక్షిస్తే, జలుబు తెచ్చే రైనోవైరస్ పెరుగుదలని, జికా వైరస్ పెరుగుదలని కూడా అజిత్రోమైసిన్ తగ్గిస్తోందని పరిశోధకులు రాశారు. మందు వైరస్‌ని నేరుగా కొట్టడం లేదు, మన కణాన్ని కాస్త అలర్ట్ చేస్తోంది అన్నది వాళ్ల అంచనా.

ఇంకో భయం కూడా ఉంది. 1918 ఫ్లూ మహమ్మారిలో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ప్రాణాలు తీసింది వైరస్ తర్వాత దాని వెనకే దూరిన బ్యాక్టీరియా నిమోనియా. వైరస్ తలుపు తీస్తుంది, బ్యాక్టీరియా లోపలికి వస్తుంది.

ఇప్పుడు 2020 మార్చిలో ఒక డాక్టర్‌గా మిమ్మల్ని మీరు ఊహించుకోండి. కొత్త వైరస్. మందు లేదు. వ్యాక్సిన్ లేదు. చేతిలో ఒక పాత మాత్ర ఉంది. వాపు తగ్గిస్తుందని తెలుసు, ల్యాబ్‌లో కొన్ని వైరస్‌లని అణిచిందని తెలుసు, బ్యాక్టీరియా వెనకాల వస్తే ఆపుతుందని తెలుసు. వాడదామా వద్దా? పాత మందుని కొత్త జబ్బుకి వాడి చూడటాన్ని డ్రగ్ రీపర్పసింగ్ అంటారు. ఆలోచన తెలివైనదే. అందుకే చెప్పాను, కారణాలు మంచివే అని.

సమస్య ఆలోచనలో లేదు. ఆలోచనని పరీక్షించే పద్ధతిలో వచ్చింది.

మార్సెయ్: 36 మంది, ఒక ట్వీట్

ఫ్రాన్స్‌లో మార్సెయ్ నగరం. అక్కడ దిదియే రావూ అనే పేరున్న సూక్ష్మజీవ శాస్త్రవేత్త. 2020 మార్చి 20న ఆయన బృందం ఒక చిన్న అధ్యయనం బయటపెట్టింది. మొత్తం లెక్కలోకి వచ్చినవాళ్లు 36 మంది. 20 మందికి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చారు. అందులో 6 మందికి దాంతోపాటు అజిత్రోమైసిన్ కూడా ఇచ్చారు. మిగతా 16 మందికి ఆ మందులు లేవు. ఆరో రోజు ముక్కులో వైరస్ ఉందా అని చూశారు. రెండు మందులూ వేసుకున్న ఆరుగురిలో ఆరుగురికీ నెగెటివ్. నూటికి నూరు!

మర్నాడే అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఈ రెండు మందుల జంట వైద్య చరిత్రలోనే పెద్ద మలుపు కావచ్చని ట్వీట్ చేశారు. ఇక ప్రపంచమంతా మెడికల్ షాపులకి పరుగు. మార్చి 31న మన కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల్లో కూడా, ఐసీయూ అవసరమైన తీవ్రమైన రోగులకి ఈ జంటని వాడొచ్చని రాశారు. జూన్‌లో వచ్చిన కొత్త మార్గదర్శకాల్లో అజిత్రోమైసిన్‌ని తీసేశారు. కానీ చీటీల్లోంచి అది పోలేదు.

ఆ నూటికి నూరు వెనక ఏముందో చూద్దాం. నిజానికి మందు మొదలుపెట్టినవాళ్లు 20 కాదు, 26 మంది. ఆరుగురిని లెక్కలోంచి తీసేశారు. ఎవరా ఆరుగురు? ముగ్గురు ఐసీయూకి వెళ్లారు. ఒకరు చనిపోయారు. ఒకరు ఆసుపత్రి నుంచి వెళ్లిపోయారు. ఒకరు వికారం తట్టుకోలేక మందు మానేశారు.

మన కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల యాడ్స్ గుర్తొచ్చాయా? "ఒకటి, రెండు, మూడు, పది లోపు అన్నీ మావే!" అని పేపర్ నిండా ఫోటోలు. మరి మొత్తం ఎంతమంది రాశారు, మధ్యలో మానేసినవాళ్లెందరు, అది ఎవరూ వేయరు. ఇదీ అలాంటిదే. పైగా మందు ఇవ్వని 16 మందిలో కొందరు వేరే ఆసుపత్రుల వాళ్లు. ఎవరికి మందు ఇవ్వాలి అన్నది లాటరీ తీసి నిర్ణయించలేదు. అలాంటప్పుడు తేడా మందు వల్ల వచ్చిందా, మనుషుల వల్ల వచ్చిందా చెప్పలేం. ఆ పేపర్‌ని 2024 డిసెంబరులో జర్నల్ వెనక్కి తీసుకుంది. నాలుగేళ్ల తొమ్మిది నెలల తర్వాత.

లాటరీ తీసి తేల్చారు

అదే మార్చిలో బ్రిటన్‌లో ఇంకో పని మొదలైంది. ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే నడిపించిన రికవరీ అనే ట్రయల్. పద్ధతి చాలా సింపుల్. ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగి ఒప్పుకుంటే, కంప్యూటర్ లాటరీ తీస్తుంది. ఒకరికి మామూలు వైద్యం. ఇంకొకరికి మామూలు వైద్యంతో పాటు ఒక పాత మందు. డాక్టర్ ఎంచుకోడు, రోగి ఎంచుకోడు. అందుకే ఆ పక్కా ఈ పక్కా ఉన్న మనుషులు ఇంచుమించు ఒకేలా ఉంటారు. ముసలివాళ్లు, షుగరున్నవాళ్లు, గట్టివాళ్లు అందరూ రెండువైపులా సర్దుకుంటారు. ఇక చివర్లో తేడా కనిపిస్తే అది మందు వల్లే.

అజిత్రోమైసిన్ విషయంలో ఏమైంది? మందు పడినవాళ్లు 2,582 మంది. మామూలు వైద్యం వాళ్లు 5,181 మంది. 28 రోజుల్లో మందు వైపు 561 మంది చనిపోయారు. అటువైపు 1,162 మంది. శాతాల్లో చెప్తాను వినండి. ఇటు 22 శాతం. అటు 22 శాతం.

అంతే. ఏ తేడా లేదు. ఆసుపత్రి నుంచి త్వరగా ఇంటికి వెళ్లారా? లేదు. వెంటిలేటర్ తప్పిందా? లేదు. ఫలితాలు 2021 ఫిబ్రవరిలో లాన్సెట్‌లో వచ్చాయి.

"అది సీరియస్ కేసులు కదా, ముందే ఇంట్లోనే వేసుకుంటే పని చేస్తుందేమో" అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. బ్రిటన్‌లోనే ప్రిన్సిపుల్ అనే ట్రయల్ అదే చూసింది. ఇంట్లో ఉన్నవాళ్లు, యాభై దాటి ఇతర జబ్బులున్నవాళ్లు లేదా 65 దాటినవాళ్లు. మన షాపులో ఇచ్చే లెక్కే, 500 మిల్లీగ్రాములు, మూడు రోజులు. 28 రోజుల్లో కోలుకున్నామని చెప్పినవాళ్లు మందు వైపు 80 శాతం. మందు లేని వైపు 77 శాతం. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లు రెండువైపులా 3 శాతమే. చెప్పుకోదగ్గ లాభం ఏమీ లేదని తేల్చారు.

ఇక్కడ ఆ 77 మీద కాస్త ఆగండి. ఈ ఎపిసోడ్‌లో ఒక్క నంబర్ గుర్తుపెట్టుకోమంటే అదే చెప్తాను. మాత్ర వేసుకోకపోయినా నూటికి 77 మంది కోలుకున్నారు. ఇప్పుడు మాత్ర వేసుకున్న మనిషిని అడగండి, "నాకు అజిత్రోమైసిన్‌తోనే తగ్గింది" అంటాడు. అబద్ధం చెప్పడం లేదు. మాత్ర వేసుకున్నాడు, తగ్గింది. రెండూ నిజాలే. కానీ ఆ మాత్ర వేసుకోకపోతే ఏమయ్యేదో ఆయన చూడలేడు. ఒక మనిషి ఒకే జీవితం బతుకుతాడు. అందుకే మన అనుభవం ఎంత గట్టిదైనా ఈ ప్రశ్నకి జవాబు ఇవ్వలేదు. జవాబు కావాలంటే పక్కన మందు లేని గుంపు ఒకటి ఉండాలి. జలుబు తనంతట తనే పోతుంది, క్రెడిట్ మాత్రం చేతిలో ఉన్న మాత్రకి పోతుంది.

మరి పాత మందులు పనికిరావా?

ఇలా అనుకుంటే కూడా తప్పే. అదే రికవరీ ట్రయల్, అదే లాటరీ, ఇంకో పాత మందుని పరీక్షించింది. డెక్సామెథసోన్. 1950ల్లో పుట్టిన స్టెరాయిడ్, చాలా చవక. అప్పట్లో చాలామంది నిపుణులు స్టెరాయిడ్ ఇస్తే ప్రమాదమేమో అని భయపడ్డారు. 2020 జూన్ 16న ఫలితం ప్రకటించారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేని వాళ్లకి మాత్రం ఏ లాభం లేదు.

చూశారా? అందరూ ఆశపడిన మందు ఫెయిల్ అయింది. చాలామంది భయపడిన మందు ప్రాణాలు కాపాడింది. ముందుగా ఊహించి ఉంటే రెండూ తప్పయ్యేవి. ఏది ఎవరికి పని చేస్తుందో, ఎవరికి చేయదో లాటరీ చెప్పింది.

వేసుకుంటే పోయేదేముంది?

ఇప్పుడు చాలామంది అడిగే చివరి ప్రశ్న. "సరే, పని చేయకపోతే చేయకపోయింది. వేసుకుంటే పోయేదేముంది?"

మొదటిది, గుండె. అజిత్రోమైసిన్ కొందరిలో గుండె లయని మార్చగలదని అమెరికా ఎఫ్‌డీఏ 2013లోనే హెచ్చరించింది. అందరికీ కాదు, కానీ ముందే గుండె సమస్య ఉన్నవాళ్లకి, లయని మార్చే వేరే మందులు వాడేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

రెండోది ఇంకా పెద్దది. దానికోసం మిమ్మల్ని హైదరాబాద్ తీసుకెళ్తాను. మన హైదరాబాద్ కాదు, పాకిస్తాన్‌లో సింధ్ రాష్ట్రంలో ఉన్న హైదరాబాద్.

2016 నవంబరులో అక్కడ టైఫాయిడ్ కేసులు విరుచుకుపడ్డాయి. మామూలు టైఫాయిడ్ కాదు. పాత మందులకి లొంగదు, సిప్రోఫ్లాక్సాసిన్‌కి లొంగదు, ఆసుపత్రిలో ఇచ్చే సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్‌కి కూడా లొంగదు. ఇక మిగిలినవి రెండే. ఒకటి ఖరీదైన కార్బాపెనెమ్ ఇంజెక్షన్లు. నోటితో వేసుకునే మాత్రల్లో ఒకే ఒక్కటి మిగిలింది. ఏంటది? మన అజిత్రోమైసిన్.

అర్థమైంది కదా? మనం జలుబుకి, పని చేయదని తేలిన చోట ఖర్చు పెడుతున్న మాత్రే, ఇంకో చోట ఒక పిల్లాడి టైఫాయిడ్‌కి ఇంటి దగ్గరే వేయగల ఆఖరి మాత్ర. వాడే కొద్దీ బ్యాక్టీరియా దానికి అలవాటు పడుతుంది. అలవాటు పడ్డ టైఫాయిడ్ క్రిములని ఢాకా పరిశోధకులు ఇప్పటికే గుర్తించారు. వాటి జన్యువులో ఒక్క మార్పు చాలు. జాగ్రెబ్ వాళ్లు ఒక్క అణువుతో మందుని గెలిపించారు, బ్యాక్టీరియా ఒక్క మార్పుతో దాన్ని ఓడించగలదు.

దానికి మనం ఎంత సాయం చేశామో చూడండి. 2020లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల్లో, మన దేశంలో మామూలుగా అమ్ముడుపోయే దానికంటే అదనంగా 3.8 కోట్ల అజిత్రోమైసిన్ డోసులు అమ్ముడయ్యాయని ఒక అధ్యయనం అంచనా వేసింది. మనమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పిన లెక్క ప్రకారం, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లలో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కూడా ఉన్నవాళ్లు 8 శాతమే. యాంటీబయాటిక్ మాత్రం 75 శాతం మందికి ఇచ్చారు. 1918 నాటి భయం 2020లో ఆ స్థాయిలో నిజం కాలేదు, మందులు మాత్రం ఆ భయం ప్రకారమే ఖర్చయ్యాయి.

ఈ సింధ్ కథలో ఒక మంచి మాట కూడా ఉంది. ఆ హైదరాబాద్ పిల్లలకి వేసిన టైఫాయిడ్ వ్యాక్సిన్ మన హైదరాబాద్‌లో తయారైందే. భారత్ బయోటెక్ వాళ్ల టైప్‌బార్ టీసీవీ. 2019లో ఈ కొత్త రకం టైఫాయిడ్ వ్యాక్సిన్‌ని జాతీయ టీకాల కార్యక్రమంలో చేర్చిన మొదటి దేశం పాకిస్తాన్. మందులు ఓడిపోతున్న చోట వ్యాక్సిన్ అడ్డం నిలబడింది.

చివరిగా

ఈ ఎపిసోడ్ విని అజిత్రోమైసిన్ చెడ్డ మందు అనుకోకండి. చాలా మంచి మందు. టైఫాయిడ్‌కి, కొన్ని నిమోనియాలకి, కళ్లు పోగొట్టే ట్రకోమాకి అది ప్రాణం. డాక్టర్ పరీక్షించి మీకు బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉందని రాసిస్తే, చెప్పిన అన్ని రోజులూ వేసుకోండి. జ్వరం తగ్గిపోయిందని మధ్యలో ఆపకండి. ఆయాసం వచ్చినా, జ్వరం రోజుల తరబడి తగ్గకపోయినా మెడికల్ షాపుతో సరిపెట్టకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మామూలు జలుబు, దగ్గు అయితే మాత్రం కౌంటర్ దగ్గర ఒక్క ప్రశ్న అడగండి. "ఇది బ్యాక్టీరియాకా, వైరస్‌కా?" వైరస్‌కే అంటే ఆ స్ట్రిప్‌ని అక్కడే వదిలేయండి. నీళ్లు, రెస్ట్, జ్వరానికి పారాసెటమాల్, కొన్ని రోజుల ఓపిక.

రేపు ఇంకో కొత్త వైరస్ వస్తుంది. ఇంకో పాత మందు పేరు వాట్సాప్‌లో తిరుగుతుంది. ఎవరో పెద్దాయన వీడియోలో "నా పేషెంట్లందరికీ తగ్గింది" అంటాడు. అప్పుడు ఫార్వర్డ్ బటన్ నొక్కే ముందు ఆ 77 గుర్తు తెచ్చుకోండి. "మందు వేసుకోని వాళ్లకి ఏమైంది?" అని అడగండి. దానికి జవాబు ఉంటే వినండి. లేకపోతే వచ్చేదాకా ఆగండి.

ఈ ఎపిసోడ్ మీ ఇంట్లో జలుబుకి మాత్రలు తెచ్చే వాళ్లకి ఒకసారి వినిపించండి.